కుర్చీ పక్కన హనుమంతమ్మ

ముంబై,
8 జులై 2003

మామా,

ఫోన్ చేస్తే నీకు సగం వినపడదు, మిగతా సగం నువ్వు వినవు. "ఆఁ? ఏమంటివి?" అనుకుంటానే బూత్‌లో టైం అయిపోతాది. అందుకే రాస్తాండా. మా అమ్మ మోకాలి నొప్పి ఎట్లుందో కూడా నువ్వే రాయి. ఆమెను అడిగితే బాగుండాదనే చెప్తాది.

ఒక మంచి మాట చెప్పాల. నేను పనిచేసే పత్రిక సంగతి నీకు తెలుసు కదా, బట్టలు, నగలు, సింగారాల గురించి ఇంగ్లీషులో వచ్చే నెలపత్రిక. దీపావళి సంచికకు అట్ట మీది బొమ్మ పాతకాలపు స్టూడియో ఫొటో మాదిరి ఉండాలని మా ఎడిటరమ్మకు పుట్టింది. ఈడ ఇప్పుడు అదే మోజు. గుడ్డ మీద గీసిన తోట, మెట్లు, స్తంభం, దాని ముందర పేరున్న మోడలు, ఒంటి మీద మాత్రం ఈ ఏడాది కుట్టిన బట్టలు. మీటింగులో అందరూ లావు లావు పుస్తకాలు తిరగేస్తాంటే, నేను నా పర్సులోంచి చిన్నప్పుడు నువ్వు తీసిన ఫొటో తీసి బల్ల మీద పెట్టినా. ముక్కు చీదుకుంటా నిలబడి ఉన్నానే, అది. నన్ను ఎవరూ చూడలే. నా వెనక, నీ స్టూడియోకు యేసన్న గీసిన తెరను చూసి అందరూ లేచి నిలబడినారు.

ఆ తెర పంపిస్తావా మామా? వాడుకుని భద్రంగా తిరిగి పంపే పూచీ నాది. ఆ తెర ముందర తీసిన ఫొటోలు మంచివి కొన్ని ఉంటే అవి కూడా పెట్టు. ఎట్ల నిలబడేవాళ్లో, చేతులు యాడ పెట్టుకునేవాళ్లో వీళ్లు చూడాలంట.

ఇన్నేండ్లూ వీళ్లకు కాఫీలు, హ్యాంగర్లు అందించిన మనిషిని నేను. మొదటిసారి ఒకరు "సరళా, నువ్వేమంటావు?" అని అడిగినారు.

నీ మేనకోడలు
సరళ


గుంతకల్లు,
16 జులై 2003

చిరంజీవి సరళకు,

నీ జాబు చదివి మీ అత్తకు వినిపించినా, మీ అమ్మకు వినిపించినా, ఎదురుగా టీ కొట్టాయనకు కూడా వినిపించినా. మీ అమ్మ మోకాలు అట్లే ఉండాది. నడుస్తాది, తిడతాది.

ఈడ వాన లేదు. మబ్బు వస్తాది, పోతాది. విత్తనం సెనక్కాయలు మూటల్లోనే ఉండాయి. జనం బెంగుళూరు బండెక్కుతాండారు. నా దగ్గరికి రేషన్ కార్డు ఫొటోలకు తప్ప ఎవురూ రావడంలే. పెండ్లిళ్లకు వీడియో వాళ్లొచ్చినారు. తెర ముందర కుటుంబమంతా నిలబడి ఫొటో తీయించుకునేది మానేసి చాలా కాలమాయ. ఇప్పుడు బొంబాయోళ్లు అదే కావాలంటాండారంటే నవ్వాలో ఏడవాలో తెలీడంలే. నవ్వుకున్నాలే.

తెర విప్పి, దులిపి, వెదురు బొంగుకు చుట్టి రైల్వే పార్సిల్లో వేసినా. యేసన్నకు చూపు దాదాపు పోయింది, ఇప్పుడు గోడల మీద రాతలు కూడా రాయడంలే. నీ తెర బొంబాయికి పోతాదప్పా అని చెప్తే "పేరేస్తారా అన్నా?" అని అడిగినాడు. యేస్తారని చెప్పినా. నువ్వుండావు కదా అనే ధైర్యంతో చెప్పినా.

ఫొటోలు కవర్లో పెట్టినా. తెర బాగా పడినవి ఏరినా.

మామ
నరసింహప్ప


ముంబై,
25 జులై 2003

మామా,

తెర వచ్చింది. విప్పి వేలాడదీస్తే స్టూడియోలో ఉన్నోళ్లందరూ పని ఆపి దాని ముందర చేరినారు. ఆ మెట్ల మీద నెమలి ఉండాది చూడు, చిన్నప్పుడు నేను దాన్ని గిల్లేదాన్ని. అదింకా నా గోటి గీతతోనే ఉండాది.

నువ్వు పంపిన ఫొటోల్లో ఒకటి మా ఎడిటరమ్మ చేతిలోంచి దించడంలే. ఒక ఆడమనిషి ఖాళీ కుర్చీ పక్కన, కుర్చీ వీపు మీద చెయ్యేసి నిలబడింది. నలుపు తెలుపు. ఆయమ్మ కండ్లు కెమెరాను కాకుండా ఆ కుర్చీని చూస్తాండాయి. అట్ట మీద మోడలును అచ్చం అట్లే నిలబెట్టాలంటాండారు.

ఆ కుర్చీ ఫొటో ఎప్పటిది మామా? ఆయమ్మ ఎవురు? పక్కన ఎవురూ లేకుండా ఎందుకు తీసినావు? తొందరగా రాయి, వీళ్లు పొద్దునొకసారి సాయంత్రమొకసారి అడుగుతాండారు.

సరళ


గుంతకల్లు,
4 ఆగస్టు 2003

చిరంజీవి సరళకు,

రేపు కసాపురంలో ఒక పెండ్లికి ఒప్పుకున్నా. కెమెరాకు ఫ్లాష్ పట్టడంలే, అది విప్పి ముందర పెట్టుకుని రాస్తాండా, రాత కొక్కిరిబిక్కిరిగా ఉంటే సర్దుకో.

కుర్చీ సంగతి అడిగినావు. అది బ్రిటిషోళ్ల కాలంది. రైల్వే దొరలు పోతా పోతా వేలం వేస్తే మా నాయన తెచ్చినాడు. టేకు చెక్క. దాని మీద కూర్చుని ఫొటో తీయించుకోని మనిషి ఈ ఊళ్లో లేడు ఒకప్పుడు.

ఆయమ్మ ముదిగుబ్బ పక్క పల్లె. కసాపురం ఆంజనేయస్వామికి మొక్కుకోను వచ్చి, అట్లే నా దగ్గరికొచ్చింది. మొగుడు లేడు పాపం. కుర్చీ ఖాళీగా పెట్టి తీయమనింది, తీసినా. పద్ధతైన మనిషి. ఎండ పడి తెర తోట ఎంత బాగా వచ్చిందో చూడు దాంట్లో, అందుకే పంపినా.

యేసన్న పేరు మర్చిపోవద్దు. దినం మార్చి దినం వచ్చి అడుగుతాండాడు.

మామ


ముంబై,
7 అక్టోబర్ 2003

మామా,

పుస్తకం వచ్చేసింది! రెండు కాపీలు పంపుతాండా. ఒకటి అమ్మకు చూపించు, ఆమెకు ఆ మోడలు జాకెట్టు చూసి గుండె ఆగకుండా చూసుకో.

అట్ట చూడు. మన తెర, దాని ముందర మన కుర్చీ లాంటి కుర్చీ. ఆ పిల్ల మెడనిండా రాళ్లు, పాదాల దాకా జారే పట్టు లంగా. కుర్చీ మీద జరీ తలపాగా పెట్టినారు, ఎవరో రాజు లేచి పోయినట్ల. ఫొటో తీసినాయన లైట్లన్నీ ఆర్పేసి ఒక్క కిటికీ వెలుతురుతో తీసినాడు, నువ్వు తీసినట్ల. మా ఆఫీసులో ఇన్నేండ్లలో ఇంత మంచి అట్ట రాలేదంటాండారు. లోపల ఒక పేజీలో ఈ ఆలోచన యాడినుంచి వచ్చిందో చెప్తా నీ పాత ఫొటో కూడా వేసినారు, ఆ కుర్చీ పక్కన ఆయమ్మది. కింద నీ స్టూడియో పేరు ఉండాది.

యేసన్న పేరు నేను రాసే ఇచ్చినా మామా. ఆఖర్లో ప్రకటన ఒకటి పెద్దదైందని ఆ పేజీలో రాతను కొంత కోసినారు. ఆ వరస పోయింది. ఆయనకు ఎట్ల చెప్తావో చెప్పు.

తెర పార్సిల్ చేసినా. కొంచెం రంగు మారి ఉంటాది. కోప్పడొద్దు.

సరళ


గుంతకల్లు,
17 అక్టోబర్ 2003

సరళా,

ముందు మంచి మాట. అంగడి అద్దంలో పుస్తకం అట్ట ఒక పక్క, లోపలి పేజీ చించి ఇంకో పక్క అంటించినా. స్టేషన్ నుంచి వచ్చే పొయ్యేటోళ్లంతా నిలబడి చూస్తాండారు. మీ అమ్మ ఆ మోడలు జాకెట్టు చూసి రెండు దినాలు నాతో మాట్లాడలే, నేనే కుట్టినట్ల.

ఇప్పుడు చెడ్డ మాట. రంగు మారిందా? ఏమ్మే, దాని మీద టీ నీళ్లు పోసినారు! వాసన కూడా పోలే. గరుకు కాగితం పెట్టి నెమలిని రుద్దినారు. పాతదాన్ని ఇంకా పాతదిగా చేసేదానికా? ఎండలకు, ఎలుకలకు అడ్డం పడి కాపాడిన తెర అది. యేసన్న వచ్చి చేత్తో తడిమినాడు. చూపు లేకపోయినా చేతి యేళ్లకు తెలిసిపోయె. "ఈడ నెమలుండల్ల కదన్నా" అన్నాడు.

మళ్లీ, "నా పేరు యాడుండాదో చూపించు" అన్నాడు. ఇంగ్లీషు నాకు మాత్రం ఏమొస్తాది. ఆయప్ప చెయ్యి పట్టుకుని, ఆయమ్మ ఫొటో కింద చిన్న అక్షరాల వరస ఒకటి ఉండె, దాని మీద పెట్టినా. "ఇదేనప్పా" అని చెప్పినా. దాన్ని రెండుసార్లు రుద్దుకుని పోయినాడు.

నీ వల్ల ఒక గుడ్డోనికి అబద్ధం చెప్పినా.

నరసింహప్ప


గుంతకల్లు,
12 నవంబర్ 2003

సరళా,

నిదానంగా చదువు. నేను కూడా నిదానంగా రాస్తాండా.

పోయిన శనివారం కసాపురానికి వచ్చిన జనంలో ముదిగుబ్బ పక్క నుంచి వెంకటరాముడు అనే ఆసామి ఉండె. నా అంగడి అద్దం ముందర నిలబడి చూసి చూసి, "ఇది మా వదిన కదా" అన్నాడు. నేను గొప్పగా, "అవునప్పా, బొంబాయి దాకా పోయింది" అంటిని. పక్కనున్న కాలేజీ పిల్లోన్ని, కింద ఏం రాసినారో చదవమన్నాడు. వాడు చదివి తెలుగులో చెప్పినాడు. "పేరు తెలియని ఒక వితంతువు, అనంతపురం జిల్లా, పాతకాలపు చిత్రం." అదే వరస సరళా, యేసన్న యేలు పట్టుకుని నేను పెట్టిన వరస.

వెంకటరాముడు ఆ పేజీ పీక్కుని పోయినాడు.

మొన్న ఆయమ్మ వచ్చింది. పేరు హనుమంతమ్మ. అంగడి మెట్టు కూడా ఎక్కలే, రోడ్డు మీదనే నిలబడి అరిసింది.

"నా మొగుడు సచ్చిపోయినాడని నీకు నేను చెప్పినానా సామీ?"

"లేదమ్మా" అన్నా.

"మరి ఎవురు చెప్పినారు? నువ్వు చూసినావా? పీనుగను మోసినావా?"

జనం గుమిగూడినారు. నేను లోపలికి రామ్మా అంటే రాలే. వాళ్ల ఊళ్లో జరిగింది చెప్పింది. ఆయమ్మ మొగుడు తిప్పేషు నిరుడు ఉగాది అయినంక బెంగుళూరికి మట్టి పనికి పోయినాడు. మొదట్లో ఒకసారి కబురొచ్చె, తర్వాత లేదు. వెంకటరాముడు వాని తమ్ముడు. పిల్లలు లేరు, మొగుడు కూడా సచ్చిపోయినంక నీకీడేం పని, పుట్టింటికి పో అని ఆ పేజీ రచ్చబండ మీద పరిచి అందరికీ చూపించినాడంట. "బొంబాయోళ్లకు తెలిసింది, మనకు తెలీదు" అన్నాడంట. ఆడోళ్లు ఆయమ్మ గాజులు తీయమని పట్టుకున్నారంట. విడిపించుకుని పరిగెత్తింది.

ఆ ఫొటో ఎందుకు తీయించుకుందో ఇప్పుడైనా విను. తిప్పేషుకు ఒక్క ఫొటో కూడా లేదు. "నన్ను ఇప్పుడు తీయి సామీ, ఆయప్ప వచ్చినంక ఆయప్పను తీసి ఈ కుర్చీలో కూర్చోబెట్టు, ఇద్దరం జోడీగా ఉంటాము" అని అడిగింది. రంగుదైతే రెండు ఫొటోలు కలిపిన అతుకు తెలుస్తాది, నలుపు తెలుపైతే తెలీదు. అందుకే అట్ల తీసినా. మొన్నటి మాఘమాసంలో తీసిన ఫొటో అది. పాతకాలమంట!

నెగటివ్ ఇయ్యమనింది. ఇచ్చేసినా. నా ముందరే మడిచి మడిచి ముక్కలు చేసింది.

ఏం రాసినావే నువ్వు? ఎవుర్నడిగి రాసినావు?

నరసింహప్ప


ముంబై,
20 నవంబర్ 2003

మామా,

ఎవుర్నడిగి రాసినానా? నిన్నడిగే రాసినా. నీ ఆగస్టు జాబు ఇప్పుడు నా ముందర ఉండాది. "మొగుడు లేడు పాపం." నీ రాతే. మొగుడు లేడు పాపం అంటే ఎవురైనా ఏమనుకుంటారు? ఫొటో ఎప్పటిది అనడిగితే కుర్చీ బ్రిటిషోళ్ల కాలంది అని రాసి ఊరుకున్నావు. నేను ఫొటో కూడా పాతదే అనుకుని ఇంగ్లీషులో అట్లే చెప్పినా, వాళ్లు అట్లే వేసినారు. పేరు అడిగినా, నువ్వు రాయలే. తెర బాగా పడిందని రాసినావు. నీకు ఆ తెర తప్ప ఇంకేం కనపడలే.

దాన్ని అద్దంలో అంటించింది ఎవురు? నేనా?

నువ్వు నన్ను తిట్టినంత సులభంగా నేను మా ఎడిటరమ్మను తిట్టలేను. ఆ ఫొటో గురించి చదివినోళ్లు జాబులు రాస్తాండారు, ఎంత బాగుందీ, ఎంత విషాదంగా ఉందీ అని. అవి చదివి ఎడిటరమ్మ నన్ను మెచ్చుకుంది. నీ జాబు వచ్చినప్పుడు నేను ఆ మెచ్చుకోలులోనే ఉండినా.

ఇంతకన్నా రాయలేను.

సరళ


గుంతకల్లు,
29 నవంబర్ 2003

సరళా,

లేడు అంటే ఇంట్లో లేడు అని. ఊళ్లో లేడు అని. పాపం అంటే ఒంటరిగా ఉండాది పాపం అని. నువ్వు నా ఒళ్లో మాటలు నేర్చుకున్నావు, అది కూడా మర్చిపోతివా?

అద్దంలో అంటించింది నేనే. ఒప్పుకుంటా. ఇంకా ఏమైనా ఉంటే అది కూడా నా మీదే వేయి. నువ్వు మాత్రం ఆయమ్మకు ఒక్క పనికొచ్చే మాట చెప్పు.

వెంకటరాముడు వదిన ఇంటికి తాళమేసినాడు. హనుమంతమ్మ గొర్రెల దొడ్డిలో పండుకుంటాంది. గాజులు మాత్రం తీయలే.

నరసింహప్ప


ముంబై,
19 డిసెంబర్ 2003

మామా,

నీ జాబు చదివి పది దినాలు రాయలేదు. కోపం కాదు. సిగ్గు.

ఎడిటరమ్మ దగ్గరికి పోయినా. సవరణ వేయమన్నా, తెలుగులో కూడా వేయమన్నా. "ఆమె మన పాఠకురాలు కాదు కదా" అనింది. నిజమే మామా, ఆయమ్మ మన పాఠకురాలు కాదు. నేను కూర్చున్న చోటు నుంచి లేవలే. ఆఖరికి ఫిబ్రవరి సంచికలో వెనక పేజీలో ఒక వరస వేస్తామని ఒప్పుకుంది. అది రచ్చబండ దాకా పోతాదా? పోదు.

అందుకని ఒకటి అనుకున్నా. తిప్పేషును వెతికి పట్టుకొస్తే అన్ని నోర్లూ మూతపడతాయి. సెలవు పెట్టినా. ఇచ్చేది లేదన్నారు, అయినా పెట్టినా. బెంగుళూరు పోతాండా. నాకు ఆయప్ప ఫొటో ఏదైనా పంపు.

రాసి, మళ్లీ చదువుకుంటే నా మీద నాకే అసహ్యమేసింది. ఫొటో ఉంటే ఇదంతా ఎందుకు.

మనిషి ఎట్లుంటాడో హనుమంతమ్మను అడిగి రాయి. నా పేరు చెప్పొద్దు.

సరళ


బెంగుళూరు,
20 జనవరి 2004

మామా,

"ఎడమ కనుబొమ్మ మీద కాలిన మచ్చ. నవ్వితే పై పన్ను మీద పన్ను కనపడతాది. ఎవురు పిలిచినా 'ఓ' అనకుండా 'ఆ సామీ' అంటాడు." నువ్వు రాసి పంపినది అంతే. దాన్ని పట్టుకుని మన జిల్లా వాళ్లు పనిచేసే చోటల్లా తిరిగినా. రేకుల గుడిసెలు, ఇసుక కుప్పలు, సగం లేచిన మిద్దెలు. నన్ను చూసి ఆఫీసరు అనుకుని కొందరు లేచిపోయినారు. మన మాట వినగానే కూర్చోబెట్టి నీళ్లిచ్చినారు. కరువు గురించి అడిగినారు, వాన పడిందా అని. పడలేదని చెప్పాల్సొచ్చె ప్రతిసారీ.

గురప్ప అనే కళ్యాణదుర్గం ఆయన దొరికినాడు. మచ్చ గురించి చెప్తే విన్నాడు. "ఆ సామీ" అంటాడని చెప్పగానే చేతిలోని తట్ట దించినాడు.

ఆయప్ప ఈడికొచ్చిన ఏడాది శ్రావణంలోనే, పెద్ద మిద్దెకు పునాది తవ్వుతాంటే వానకు నానిన మట్టి గోడ కూలింది మామా. ఈడ వాన పడింది. తిప్పేషు కింద ఉన్నాడు. కంట్రాక్టరు ఆ సాయంత్రమే వేరే పని అని అందర్నీ చెల్లాచెదురు చేసినాడు. గురప్ప, ఇంకొందరూ కలిసి ఊరి చివర చెరువు పక్క శ్మశానంలో పూడ్చినారు. గురప్ప నన్ను తీసుకుపోయి ఆ చోటు చూపించినాడు. ఆయన్ను ఈడ అందరూ "ముదిగుబ్బాయన" అనే పిలిచేవాళ్లంట. ఏ పల్లెనో ఎవురికీ తెలీదు. కబురు యాడికి పంపాల?

హనుమంతమ్మ నీ దగ్గరికొచ్చి ఫొటో తీయించుకునేటప్పటికే ఆయప్ప లేడు. ఈసారి ఈ మాటకు ఒక్కటే అర్థం.

నీకొకటి చెప్పాల, ఇంకెవురికీ చెప్పలేను. గురప్ప చెప్తాంటే ఒక్క క్షణం నాకు, అయితే నేను రాసింది తప్పు కాదు కదా, అనిపించింది. బరువు దిగినట్ల. ఆ తర్వాత గురప్ప కండ్లు తుడుచుకోవడం చూసినా. నేనేం మనిషినో నాకే తెలీడంలే మామా.

ఇప్పుడేం చేద్దాం?

సరళ


గుంతకల్లు,
28 జనవరి 2004

సరళా,

మీ అత్తకు కూడా చెప్పలే. జాబు చించి పొయ్యిలో వేసినా.

ఏమీ చేయొద్దు. ఆయమ్మకు ఉండేది ఆ ఆశ ఒక్కటే. గొర్రెల దొడ్డిలో ఉన్నా, కూలికి పోయినా, రేపొస్తాడని బతుకుతాంది. మనం పోయి దాన్ని కూడా లాక్కుంటామా? వెంకటరాముడు చిందులేస్తాడు, పత్రికోళ్లు చెప్పిందే నిజమాయె కదా అని. ఆయమ్మ నా మొహాన ఉమ్మినా తప్పు లేదు. నాకు చేత కాదు సరళా. పెండ్లిళ్లు, పురుళ్లు ఫొటో తీసిన చేయి ఇది. ఇట్లాంటివి మోసే పని చేయలే.

నువ్వు బొంబాయికి పో. ఉద్యోగం చూసుకో.

మామ


బెంగుళూరు,
5 ఫిబ్రవరి 2004

మామా,

ఉద్యోగం లేదు. సెలవు దాటిపోయిందని చెప్పినారు. దాని గురించి అమ్మకు నేనే చెప్తా, నువ్వు నోరు జారొద్దు.

నీ మాటలు మూడు దినాలు తిప్పి తిప్పి చూసినా. ఆయమ్మ సంగతి ఆయమ్మకు తెలీకుండా మనమిద్దరం తేల్చడం ఇది రెండోసారి. మొదటిసారి తెలీకుండానే సచ్చిపోయినాడన్నాం. ఇప్పుడు తెలిసి కూడా బతికుండాడని నమ్మిద్దామంటావు. అది దయ అనుకుంటాండావు. నేను ఆ పేజీ వేసినప్పుడు అది అందం అనుకున్నా.

ఆమె రేపు, ఎల్లుండి, ఇంకో పదేండ్లు బస్సు చప్పుడు వినపడినప్పుడల్లా లేచి చూస్తాది. అది తెలిసి నువ్వు అన్నం తింటావా?

గురప్ప వస్తానన్నాడు. చూసిన మనిషి నోటితోనే చెప్తానంటాడు. నీ అంగడికే వస్తాడు. నువ్వు ఆయన వెంట పో. నేనొస్తానంటే గురప్పే వద్దన్నాడు, కోపంలో ఏమైనా జరుగుతాదని. నాకు ధైర్యం లేదని నీకు అనిపిస్తే అది కూడా నిజమే.

సరళ


గుంతకల్లు,
21 ఫిబ్రవరి 2004

చిరంజీవి సరళకు,

పోయొచ్చినాం.

బస్సు దిగి నడుస్తాంటే సేన్లో ఆడోళ్లు కంపలు కొడతాండారు. హనుమంతమ్మ నన్ను దూరం నుంచే గుర్తుపట్టి కొడవలి పట్టుకుని లేచింది. నా పక్కన గురప్పను చూసి ఆగిపోయింది. కొత్త మనిషి, బెంగుళూరు సిమెంటు పట్టిన చేతులు. ఆయమ్మకు అప్పుడే తెలిసిపోయినట్లుంది. నేల మీద కూర్చునింది.

గురప్ప దాచలే. తవ్వడం, వాన, గోడ, అన్నీ చెప్పినాడు. ఆయమ్మ మధ్యలో ఒకే మాట అడిగింది.

"శానా సేపు ఉన్నాడా లోపల?"

"లేదక్కా. మేం తీసేతలికే అయిపోయింది."

"మీరు తీసినారా? కంట్రాక్టరు మనుషులు కాదా?"

"మేమే తీసినాం. నేనే కడిగినా."

అప్పుడు ఏడ్చింది. పక్క సేన్లలో ఆడోళ్లంతా వచ్చినారు. ఆ దినం గాజులు తీయమని పట్టుకున్నోళ్లే ఈ దినం ఎత్తుకుని ఇంటికి తీసుకుపోయినారు. వెంకటరాముడు వచ్చి, "నేను ముందే అన్నా కదా" అని నోరు తెరిస్తే గురప్ప వాని దగ్గరగా పోయి, "నీ అన్నను నేను మోసినా, నువ్వు యాడుంటివి?" అన్నాడు. వాడు పోయి ఇంటి తాళం తీసినాడు. అన్న పాలు భూమి వదినదేనని ఊరి పెద్దల ముందర ఒప్పుకున్నాడు. కాగితం మీదికి ఎప్పుడెక్కుతాదో తెలీదు. వానిని నేను నమ్మను. ఆయమ్మ కూడా నమ్మడంలే.

సాయంత్రం జనం తగ్గినంక నన్ను పిలిచింది. కొట్టినా పడదామనే పోయినా.

"ఆ రాత రాసిన పిల్ల నీకేమైతాది?" అనింది.

"నా అక్క కూతురమ్మా. నేను సరిగ్గా రాయలే, అది సరిగ్గా అర్థం చేసుకోలే. తర్వాత అదే పోయి వెతికింది."

అప్పుడు చెప్పింది.

"ఆ దినం నీ అంగడి ముందర అట్ల అరిసినా కదా సామీ. అది అబద్ధమని అరిసింటే అంత గట్టిగా అరిసేదాన్ని కాదు. నిజమేమో అని నాకు ఎప్పట్నుంచో బయ్యం. నేను నోట్లోకి రానీకుండా పెట్టుకున్న మాట, ఎవురో మొగం తెలీని మనిషి కాగితం మీద రాసేసింది. అందుకే అరిసినా."

చీకటి పడేదాకా ఆడనే కూర్చున్నా సరళా.

నిన్ను తిట్టలే. మన్నించినానని కూడా అనలే. నువ్వు ఆ మన్నింపు అడగొద్దు. ఆయప్పను పూడ్చిన చోటు చూడాలంట. గురప్ప పనికి రేపే పోవాల. ఆయన కాక ఆ చోటు తెలిసినోళ్లలో మనకు దొరికేది నువ్వొక్కదానివే. "ఆ పిల్లనే చూపించమను" అనింది.

వచ్చే శనివారం పొద్దున బస్సుకు నేనూ ఆయమ్మా వస్తాండాం. బస్టాండులో ముందరనే నిలబడు. ఆయమ్మ నిన్ను ఎప్పుడూ చూడలే, గుర్తుపట్టదు. నేను చూపించను. నువ్వే ఎదురుగా వచ్చి, ఆ రాసింది నేనేనని చెప్పి, ఆయమ్మ చేతిలోని సంచి అందుకో.

మామ
నరసింహప్ప